160 చదరపు అడుగుల బొంబాయి (నగరమూ మన వాడా – 6వ భాగం)



పోయిన భాగంలో మన వాడలు ఊరికి ఏ దిక్కున ఉంటాయో, ఎందుకు ఉంటాయో రాశాను. చాలామంది విద్యార్థులు ఫోన్ చేసి ఒకే మాట అడిగారు. "అన్నా, ఊరంటే సరే. పట్నంలో ఎవరికి ఎవరు తెలుసు? డబ్బుంటే చాలు గదా?" ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు గానీ, చెప్పను. ఒక నగరం చరిత్ర చెప్తాను. అది మన తెలంగాణ పల్లెలకు పొరుగూరు లాంటిది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన బతుకు మీద మనమే సామెత చెప్పుకున్నాం గదా, అందులో నడిమిది.

ఏటా పేపర్లలో ఒక వార్త వస్తుంది. ప్రపంచంలో ఖరీదైన నగరాలు ఇవీ, బతకడానికి బాగున్న నగరాలు ఇవీ అని. మన దేశంలో ఖరీదైనది ముంబై అని ఆ జాబితాలో చదువుతుంటాం. ఆ లెక్క ఎలా కడతారో చూశారా? మెర్సర్ అనే కంపెనీ రెండు వందలకు పైగా వస్తువుల, సేవల ధరలు తీసుకుని, న్యూయార్క్‌తో పోల్చి వరుస పెడుతుంది. అది ఎవరి కోసం? తమ ఉద్యోగిని వేరే దేశం పంపే కంపెనీకి, అతనికి ఎంత జీతం, ఎంత ఇంటద్దె ఇవ్వాలో తెలియడం కోసం. ఎకానమిస్ట్ వాళ్ల ఇంకో జాబితా ఉంది. భద్రత, వైద్యం, సంస్కృతి, చదువు, రోడ్లు-నీళ్లు అని ఐదు గంపలు. తప్పుడు లెక్కలని నేను అనడం లేదు. వాళ్ల అవసరానికి అవి సరైనవే. కానీ ఆ నగరంలో చెత్త ఎత్తే మనిషి ఏ గదిలో పడుకుంటాడు, ఆ గదికి అతను డబ్బు కాక ఇంకేం కడుతున్నాడు అనే గడి ఆ ఫారంలో లేదు. ఆ గడి మనం నింపుకోవాలి.

నేను బొంబాయిని చదరపు అడుగుల్లో చదువుతాను. ఆ నగరంలో మనిషి కులం, కూలి, ఆయుష్షు అన్నీ చదరపు అడుగుల్లోకి మారిపోయి కనిపిస్తాయి.

మొదలు మనోళ్ల దగ్గర నుంచే పెడదాం. కామాటిపుర పేరు చెప్పగానే ఇవాళ అందరికీ ఒక్కటే గుర్తొస్తుంది. ఆ పేరు తెలుగు కూలీలది. కామాటి అంటే మట్టిపని, తట్టపని చేసే మనిషి. 18వ శతాబ్దం చివర, ఏడు ద్వీపాల మధ్య సముద్రపు నీళ్లకు అడ్డుకట్ట వేసి, బురద నేలలను పూడ్చిన కాలంలో, నిజాం రాజ్యం నుంచి వలస పోయిన కూలీలు అక్కడ గుడిసెలు వేసుకున్నారు. తర్వాతి వందేళ్లలో ఆ నగరంలో లేచిన రాతి కట్టడాల కింద తెలుగోళ్ల చెమట ఉంది. కొందరు కాంట్రాక్టర్లయి పైకొచ్చారు కూడా. జోతిబా ఫూలే సత్యశోధక్ సమాజ్‌కు బొంబాయిలో అండగా నిలబడ్డవాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగూ లాంటి తెలుగు పెద్దలున్నారు. 1888 మే 11న మాండ్వీ కోలీవాడలో ఫూలేకు 'మహాత్మా' బిరుదు ఇచ్చిన సభ వెనుక ఈ బొంబాయి బహుజనుల ప్రేమ ఉంది. వీళ్లు మన వాడోళ్లు కాదు, శూద్ర కులాలవాళ్లు. అయినా ఫూలేను నెత్తిన పెట్టుకున్న తెలుగోళ్లు అప్పుడే ఉన్నారని మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా చదవం. అది వేరే బాధ, ఇంకోసారి మాట్లాడుకుందాం.

నేల పూడ్చినవాళ్లకు ఆ నేల మీద ఎంత జాగ దొరికింది?

1896లో మాండ్వీలో ప్లేగు వచ్చింది. గోదాముల ఎలుకల నుంచి ఇరుకు ఇళ్లల్లోకి, అక్కడి నుంచి నగరమంతా. జనం లక్షల్లో ఊళ్లకు పారిపోయారు, మిల్లులు ఆగాయి. అప్పుడు గానీ సర్కారుకు పేదోడి గది గుర్తుకు రాలేదు. 1898లో బాంబే ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ పెట్టారు. నగరానికి గాలి రావాలని రోడ్లు వెడల్పు చేశారు, ఇరుకు పేటలు కూల్చారు. మొదటి స్కీమే నాగ్‌పాడా, అంటే కామాటిపుర పక్కనే. కూల్చినన్ని ఇళ్లు మాత్రం కట్టలేదు. కూల్చిన చోటు నుంచి లేచిన మనుషులు పక్క వీధిలో ఇంకా ఇరుకు గదుల్లో దూరారు. 'అభివృద్ధి' పేరుతో కూల్చడం, కూల్చినోళ్లను లెక్కలో రాయకపోవడం, ఇది మనం మూసీ ఒడ్డున కొత్తగా చూస్తున్నది కాదు. 125 ఏళ్ల పాత విద్య.

1921 జనాభా లెక్కల నాటికి బొంబాయిలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఒంటి గది కాపురాల్లో ఉన్నారు. ఒక్క గది. అదే వంటిల్లు, అదే పడక, అదే పురిటి గది, అదే శవం పండబెట్టే చోటు. ఆ ఏడు నగరంలో పుట్టినట్టు నమోదైన ప్రతి వెయ్యి మంది పసిపిల్లలకు ఏడాది లోపు చావులు ఆరు వందలు దాటాయి. ఒంటి గది కాపురాల్లో ఎనిమిది వందలు దాటాయి. ఆ లెక్కలో ఒక మెలిక ఉంది. కాన్పుకు ఊరెళ్లే తల్లులు చాలామంది, పుట్టుక ఊళ్లో, చావు బొంబాయిలో నమోదయ్యేది. కాబట్టి అంకె కొంత ఉబ్బింది. ఎంత తగ్గించుకుని చూసినా, గది చిన్నదైన కొద్దీ చావు పెద్దదైందనే మాట మాత్రం మారదు.

ఇప్పుడు ఆ అంకెకు ఒక ఇంటి ముఖం పెడతాను. పరేల్‌లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ కట్టిన ఒకటో నంబరు చాల్. రెండో అంతస్తు, 50, 51 గదులు. 1912 నుంచి 1934 దాకా, ఇరవై రెండేళ్లు, బాబాసాహెబ్ అంబేడ్కర్ కాపురం అక్కడే. అంతకు ముందు లోయర్ పరేల్‌లో డబక్ చాల్‌లో ఒకే గది. తండ్రి రాంజీ సుబేదార్ రాత్రి రెండింటి దాకా మేలుకుని, కొడుకును చదువుకు లేపి, ఆ తర్వాత తాను నడుం వాల్చేవాడట. ఒకరు లేస్తే గానీ ఇంకొకరికి జాగ లేని ఇల్లు అది. కొలంబియా నుంచి, లండన్ నుంచి పట్టాలు తెచ్చుకున్న మనిషి తిరిగి వచ్చింది కూడా ఆ పరేల్ గదులకే. కొల్హాపూర్ రాజు శాహూ మహారాజ్ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది ఆ చాల్‌కే. రమాబాయి ఐదుగురు పిల్లల్ని కంటే, గంగాధర్, రమేశ్, ఇందు, రాజరత్న నలుగురూ చిన్నతనంలోనే పోయారు. మిగిలింది యశ్వంత్ ఒక్కడే. మనం రమాబాయి త్యాగం గురించి పాటలు కట్టాం, కన్నీళ్లు పెట్టుకున్నాం. మంచిదే. కానీ ఆ నలుగురు పిల్లల్ని ఆ నగరపు మరణాల పట్టికలో కూడా పెట్టి చూడండి. వాళ్లు ఒక ఇంటి దురదృష్టంగా మాత్రమే పోలేదు. అదే నగరంలో, అవే ఏళ్లలో వేల తల్లుల ఒడి అలాగే ఖాళీ అయింది.

అయినా ఆయన ఆ గదిని ఎందుకు వదల్లేదు? డబ్బు ఒక కారణం. ఇంకో కారణం బరోడాలో ఉంది. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళితే ఇల్లు ఇచ్చినవాడు లేడు. పార్శీ సత్రంలో పార్శీ పేరు పెట్టుకుని దిగాల్సి వచ్చింది. పదకొండో రోజున డజను మంది కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. జేబులో డబ్బుంది, చేతిలో పట్టా ఉంది, రాజుగారి ఉద్యోగం ఉంది. గది లేదు. "పట్నంలో డబ్బుంటే చాలు గదా" అని అడిగిన తమ్ముళ్లకు ఈ ముక్క చాలనుకుంటా. పరేల్ చాల్ ఇరుకైనా, అక్కడ మనోళ్లున్నారు. కర్రలతో ఎవరూ రారు.

అద్దె కట్టాలంటే కూలి కావాలి. కూలి దగ్గరికి వద్దాం.

బొంబాయి మిల్లుల్లో ఎక్కువ జీతం నేత విభాగంలో. ఆ విభాగంలోకి అస్పృశ్యులకు ప్రవేశం లేదు. ఏ రూల్ పుస్తకంలోనూ రాసి లేదు, అయినా లేదు. కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. నాడెలో కండె అయిపోయినప్పుడల్లా కొత్త కండె పెట్టి, దారం కొసను నాడె కంతలోంచి నోటితో పీల్చి లాగాలి. ఆ నాడె మళ్లీ ఇంకొకరి నోటికి వస్తుంది. మహార్ ఎంగిలి, మాంగ్ ఎంగిలి మాకొద్దు అని తోటి కార్మికులే అడ్డం పడ్డారు. పత్తి దుమ్ము పీల్చే స్పిన్నింగ్ ఖాతాలే మనోళ్లకు. జీతం తక్కువ. 1928 మహా సమ్మె నాడు బాబాసాహెబ్ ఈ మాట కమ్యూనిస్టు నాయకుల ముందు పెట్టారు. కార్మికులంతా ఒక్కటే అంటున్నారు, మరి ఈ నాడె సంగతేంటి అని. ఇష్టం లేకపోయినా చివరికి దాన్ని డిమాండ్లలో చేర్చక తప్పలేదు వాళ్లకు. ఎర్రజెండా మిత్రులు దీన్ని ఇవాళ్టికీ చిన్న విషయంగానే చెప్తారు. కాదు సోదరులారా. నోటి ఎంగిలి కూలి రేటును నిర్ణయించింది, కూలి రేటు గది కొలతను నిర్ణయించింది. ఒక నగరంలో ఎవరు ఎంత ఖర్చు పెట్టగలరు అనే లెక్క అక్కడ మొదలవుతుంది, కూరగాయల ధర దగ్గర కాదు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ల కరువు ఇంకా ముదిరింది. గవర్నర్ జార్జ్ లాయిడ్ 1920లో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ పెట్టాడు. దాన్నే జనం బీడీడీ అన్నారు. 50 వేల గదులు కడతామన్నారు. తేలింది 207 చాళ్లు. వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, డిలైల్ రోడ్డులో 32, శివ్‌డీలో 12. ఒక్కో చాల్‌లో 80 గదులు. ఒక్కో గది 160 చదరపు అడుగులు. అంతస్తుకు ఇరవై గదులు, కొసకు ఉమ్మడి దొడ్లు. కాంక్రీటు పెట్టెల్లా ఉన్నాయని, అద్దె ఎక్కువని మొదట్లో జనం పోలేదు. ఏళ్ల తరబడి వేల గదులు ఖాళీగా పడున్నాయి. ఇళ్లు లేని జనం రోడ్డు మీద, జనం లేని ఇళ్లు వర్లీలో. వర్లీ చాళ్లను ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుగా కూడా వాడారు. కార్మికుడి కోసం కట్టిన గది జైలుకు సరిగ్గా సరిపోయిందంటే, కట్టినవాడి మనసులో కార్మికుడు ఎవరో అర్థం కాలేదా?

తర్వాత తర్వాత అవి నిండాయి. మిల్లు కార్మికులు, రేవు కూలీలు, పోలీసులు, మునిసిపాలిటీ మనుషులు. 160 అడుగుల్లో ఎనిమిది మంది, పది మంది. పగలు షిఫ్టు వాడు లేస్తే రాత్రి షిఫ్టు వాడు ఆ చాప మీదే పడుకునేవాడు. ఆ వరండాల్లోనే భీమ్ జయంతులు జరిగాయి, రాత్రి బడులు నడిచాయి, బుద్ధ విహారాలు లేచాయి. 1956 డిసెంబరు 7న దాదర్ సముద్రపు ఒడ్డుకు బాబాసాహెబ్ వెంట నడిచిన జనసముద్రంలో ఈ చాళ్లు ఖాళీ అయిపోయి ఉంటాయి. మరాఠీ దళిత సాహిత్యాన్ని నేను ఈ గదుల పటంగానే చదువుకున్నాను. బాబురావ్ బాగుల్ మాటుంగా లేబర్ క్యాంప్‌లో, అన్నాభావ్ సాఠే ఘాట్కోపర్ చిరాగ్ నగర్ గుడిసెలో, దయా పవార్ కావాఖానాలో, నామ్‌దేవ్ ఢసాల్ కామాటిపుర పక్క సందుల్లో పెరిగి 1972లో 'గోల్‌పీఠా' తెచ్చాడు. విశాలమైన ఇళ్లలో ఉన్నవాళ్లు మరాఠీలో చాలా రాశారు. మిగిలింది మాత్రం ఈ ఇరుకు గదుల రాత.

అట్లాగని చాల్‌ను స్వర్గం చేయొద్దు. ఇది మనవాళ్లలో కొందరికి ఉన్న అలవాటు, పాత కష్టానికి బంగారు పూత పూయడం. 1974 జనవరి 5న వర్లీ బీడీడీ మైదానంలో దళిత్ పాంథర్ సభ మీద రాళ్లు పడ్డాయి. రోజుల తరబడి చాల్ మీద చాల్ యుద్ధం. జనవరి 10న పరేల్‌లో ఊరేగింపు పోతుంటే మిద్దె మీద నుంచి వేసిన నూరుడు బండ తగిలి భాగవత్ జాధవ్ అనే యువకుడు చనిపోయాడు. బండ వేసినవాడి గదీ ఇరుకే, చనిపోయినవాడి గదీ ఇరుకే. ఒకే దొడ్డి ముందు చెంబుతో నిలబడేవాళ్లే. ఒకే పేదరికం మనుషుల్ని కలిపేస్తుందని నమ్మే మిత్రులు ఒకసారి వర్లీ దాకా పోయి రావాలి.

1947లో వచ్చిన అద్దె చట్టం అద్దెల్ని 1940 నాటి రేటు దగ్గర కట్టేసింది. అప్పటికే గది ఉన్నవాళ్లకు అది పెద్ద రక్ష. ఓనర్లు రిపేర్లు మానేశారు, 'పగడీ' అని చేతికింద సొమ్ము మొదలైంది. కొత్తగా వచ్చినవాడికి పగడీ కట్టే శక్తి లేదు. వాడు రైలు కట్ట పక్కన, నాలా ఒడ్డున, ఫుట్‌పాత్ మీద గోనెసంచి కట్టాడు. 1972 కరువులో మరాఠ్వాడా నుంచి, మన పాలమూరు నుంచి దిగినవాళ్లంతా ఆ వరుసలోవాళ్లే.

మా పెద్దనాయిన కూడా ఆ కరువుకే పోయిండు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఇంటికాడ అప్పుకు పోయింది, మనిషి బొంబాయికి పోయిండు. వెంట మా పెద్దమ్మ. ఆయన కాంక్రీటు కలిపేటోడు, ఆమె తట్ట మోసేది. బిల్డింగు లేస్తుంటే దాని కాళ్ల కాడ రేకుల షెడ్డు. బిల్డింగు అయిపోగానే షెడ్డు పీకేసేటోళ్లు. ఇంకో సైటు, ఇంకో షెడ్డు. సముద్రం పక్కన ఇరవై అంతస్తుల మేడ కట్టి వచ్చినోడు, మళ్లా దాని గేటు లోపలికి పోలేదు.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఆయన్ని అడిగిన. "గన్నేండ్లు ఉంటివి గదా పెద్దనాయినా, బొంబాయిల నీకేం మిగిలింది?"

ఆయన బీడీ తీసి చాలాసేపు ముట్టియ్యలే. "ఒక్కటే సుకం రా. హోటల్ల చాయ్ తాగి గలాసు నేను కడగలే."

"మరి ఇల్లు?"

"ఇల్లా? మేం కట్టినయన్నీ మావే, పెయింటు ఏసేదాంక."

ఈ రెండు మాటలు నాకు ఏ సర్వే రిపోర్టు కన్నా ఎక్కువ చెప్పాయి. మా ఊరి హోటల్లో అప్పటికి మనోళ్లకు వేరే గ్లాసు, చూరులో దోపి ఉండేది. తాగి, కడిగి, మళ్లీ అక్కడే దోపాలి. ఆ గ్లాసు నుంచి తప్పించుకోవడానికి ఒక మనిషి రేకుల షెడ్డు ధర కట్టడానికి సిద్ధపడ్డాడు. నగరం మీద బాబాసాహెబ్ పెట్టుకున్న ఆశ ఇదే. రాజ్యాంగ సభలో పల్లెను సంకుచితత్వపు గుంట అని తిట్టింది ఇందుకే. 'జీవన నాణ్యత' అనే మాటకు మెర్సర్ కంపెనీ దగ్గర ఈ గ్లాసు లెక్క లేదు. మా పెద్దనాయిన దగ్గర ఉంది.

కానీ నగరం ఆ ఆశను వాడుకున్న తీరు చూడండి. 1976లో మహారాష్ట్ర సర్కారు గుడిసెలు లెక్కపెట్టి ఫొటో పాసులిచ్చింది. 1981లో ముఖ్యమంత్రి అంతులే ఫుట్‌పాత్ వాసుల్ని వాన కాలంలో బస్సులెక్కించి ఊళ్లకు పంపేయమన్నాడు. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. అదే ఓల్గా టెల్లిస్ కేసు. 1985లో తీర్పు. బతుకుదెరువు హక్కు జీవించే హక్కులో భాగమే అని గొప్పగా రాశారు. లా చదివే తమ్ముళ్లంతా దాన్ని బట్టీ పడతారు. అదే తీర్పు, వానలు పోయాక ఖాళీ చేయించుకోవచ్చని కూడా చెప్పింది. ఆ పేజీ ఎవరూ బట్టీ పట్టరు.

1995లో కొత్త పథకం వచ్చింది. స్లమ్ రిహాబిలిటేషన్ అథారిటీ. గుడిసె జాగ బిల్డర్‌కు, గుడిసె వాసికి ఉచితంగా 225 చదరపు అడుగుల ఫ్లాటు, మిగిలిన చోట బిల్డర్ మేడ కట్టి అమ్ముకోవచ్చు. 225 తర్వాత 269 అయింది, ఇప్పుడు 300. షరతు ఒకటే. 1995 జనవరి 1కి ముందు నుంచి ఉన్నట్టు కాగితం చూపాలి. ఆ తేదీని తర్వాత 2000కు జరిపారు, 2011 దాకా వచ్చినవాళ్లు డబ్బు కడితే ఇల్లన్నారు. మంచిదే. కానీ ఏడాదికో సైటు మారే తట్ట కూలీకి ఏ తేదీ కాగితం ఉంటుంది? ఆ నగరాన్ని కట్టినవాడే ఆ నగరంలో ఉన్నట్టు రుజువు చూపలేడు. కామాటిపుర కాలం నుంచి మా పెద్దనాయిన కాలం దాకా ఇదొక్కటి మారలేదు.

ఇల్లు వచ్చినవాళ్ల సంగతి? తూర్పు శివారు గోవండీ వైపు, దేవ్‌నార్ చెత్తగుట్ట ఉన్న వార్డులో, నట్వర్ పారేఖ్ కాంపౌండ్, లల్లూభాయ్ కాంపౌండ్ అని పునరావాస కాలనీలున్నాయి. భవనానికీ భవనానికీ నడుమ మూడు మీటర్ల సందు. కింది అంతస్తుకు ఎండ దిగదు. ఆ కాలనీల్లో సర్వే చేసిన డాక్టర్లు, ఎండా గాలీ తగలని ఇళ్లల్లో క్షయ ఎక్కువని తేల్చారు. ఇల్లు ఉచితం, దగ్గు దాంతో పాటు. 1896 ప్లేగు తర్వాత గాలి రావాలని పేటలు కూల్చిన నగరమే, నూరేళ్లు తిరిగాక గాలి రాని పేటలు చేతులారా కట్టింది.

నీళ్లు ఇంకో కథ, చిన్నగా చెప్తా. కట్-ఆఫ్ తేదీ దాటి వచ్చిన గుడిసెకు నల్లా కనెక్షన్ ఇచ్చేవాళ్లు కాదు. కాబట్టి వాళ్లు డ్రమ్ముల లెక్కన కొనుక్కునేవాళ్లు. లీటరు లెక్కన చూస్తే సముద్రం పక్క ఫ్లాటు వాడి కన్నా గుడిసె తల్లే ఎక్కువ కడుతుంది. పానీ హక్ సమితి కొట్లాడితే 2014లో బొంబాయి హైకోర్టు తాగునీరు తేదీ చూసి ఇచ్చేది కాదని చెప్పింది. ఖరీదైన నగరం ఎవరికి ఖరీదు అని అడిగితే ఆ డ్రమ్ముల వరుస చూపించండి.

ఇప్పుడు నేను ఈ భాగం రాయడానికి అసలు కారణం. బృహన్‌ముంబై మునిసిపల్ కార్పొరేషన్‌లో వేలాది సఫాయి కార్మికులున్నారు. దాదాపు అందరూ మనోళ్లే. మహార్లు, మాంగులు, గుజరాత్ నుంచి వచ్చిన మేఘ్వాళ్లు, వాల్మీకులు. పర్మినెంట్ కార్మికుల్లో చాలామందికి మునిసిపాలిటీ క్వార్టర్స్. ఊరి నడుమ, ఇరుకుగా, పాతగా ఉండే గదులు. నౌకరి ఉన్నంత కాలం గది. రిటైరైతే గది ఖాళీ చేయాలి. మూడు తరాలు దాదర్లోనో, పరేల్లోనో పుట్టి పెరిగిన కుటుంబం, ఆ జీతంతో నగరంలో ఇంకెక్కడా అద్దె కట్టలేదు. దారి ఒక్కటే. లాడ్, పాగే కమిటీల సిఫారసులతో 1970ల నుంచి నడుస్తున్న ఉత్తర్వుల కింద, సఫాయి కార్మికుడి వారసుడు అదే కొలువు తీసుకోవచ్చు. తీసుకుంటే గది ఉంటుంది. మేలు చేయాలనే ఆ ఉత్తర్వులు తెచ్చారు, నేను కాదనను. నౌకరి లేని చోట అది నౌకరే. కానీ లెక్క చూడండి. అక్కడ ఇంటి అద్దె రూపాయల్లో లేదు. ఒక కొడుకు.

యూనియన్ మిత్రుడు ఒకరు నన్ను అలాంటి క్వార్టర్స్‌కు తీసుకెళ్లాడు. ఎం.ఎ. చదివిన అబ్బాయి, తండ్రి కొలువు కోసం ఫారం నింపుతున్నాడు. గోడ మీద బాబాసాహెబ్, పక్కన ఆ అబ్బాయి డిగ్రీ పటం కట్టించి పెట్టారు. "చదువు దండగైందా?" అని నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు. వాళ్ల అమ్మే అంది, హిందీలో, చాలా మామూలుగా. వీడు ఝాడూ పట్టకపోతే చెల్లెళ్లిద్దరూ ఎక్కడ పడుకోవాలి అని. పెద్దనాయిన చాయ్ గ్లాసు దగ్గర వదిలించుకున్నది, ఈ పిల్లాడి చేతికి గది తాళంతో పాటు తిరిగి వచ్చింది.

కాంట్రాక్టు వాళ్లకు ఆ గది కూడా లేదు. పర్మినెంట్ చేయమని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి, 2017లో సుప్రీంకోర్టు దాకా పోయి 2,700 మంది గెలిచారు. వాళ్ల యూనియన్ కచరా వాహతుక్ శ్రమిక్ సంఘ్ గురించి విద్యార్థులు తప్పక చదవాలి.

"ఎక్కువ జీతం వచ్చే ఐటీ ఉద్యోగమైతే?" అని ఇంకా ఎవరైనా అడుగుతారు. 2005లో జొరాస్ట్రియన్ కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ కేసులో, అది గుజరాత్ కేసు, ఒక మతం వాళ్లకే సభ్యత్వం అనే సొసైటీ నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. 'వెజిటేరియన్లకు మాత్రమే' అనే బోర్డు ఎవరి కోసమో ముంబైలో గానీ, మన హైదరాబాద్‌లో గానీ రూము వెతికిన మన పిల్లలందరికీ తెలుసు. నాకూ తెలుసు. పేరు చెప్పగానే ఊరు అడుగుతారు, ఊరు చెప్పగానే ఇంటిపేరు, ఆ తర్వాత "మా వాళ్లు వస్తున్నారండీ, ఇవ్వట్లేదు" అంటారు.

వర్లీ బీడీడీ చాళ్లను ఇప్పుడు కూల్చి నలభై అంతస్తుల టవర్లు కడుతున్నారు. పాత గదికి బదులు 500 చదరపు అడుగుల ఫ్లాటు, సొంతానికి. 2025 ఆగస్టులో మొదటి 556 కుటుంబాలకు తాళాలిచ్చారు. వందేళ్లు 160 అడుగుల్లో ఉన్నవాళ్లకు 500 వచ్చాయి, సంతోషమే, అది వాళ్లు కొట్లాడి తెచ్చుకున్నది. లిఫ్టుకు, నీళ్ల మోటారుకు నెలనెలా కట్టే మెయింటెనెన్స్ ఎవరి జీతంలోంచి వస్తుందో, ఎంతమంది అమ్ముకుని కల్యాణ్ అవతలికి పోతారో ఇంకో పదేళ్లకు లెక్క తేలుతుంది. సఫాయి క్వార్టర్స్ కూడా కొన్ని చోట్ల కొత్తగా కడుతున్నారు. అవి మాత్రం సొంతానికి కావు. గది పెద్దదైనా షరతు పాతదే.

కామాటిపురను కూడా మొత్తం కూల్చి కట్టే పథకం సిద్ధమవుతోంది. ఓనర్లకు, కాగితం ఉన్న కిరాయిదారులకు వాటాలు రాసి పెట్టారు. అక్కడి సందుల్లో మంచానికింత అని అద్దె కట్టి ఉంటున్నవాళ్లున్నారు, తెలుగోళ్లతో సహా. వాళ్ల పేర్లు ఏ కాగితం మీద ఉన్నాయో కనుక్కుందామని వచ్చే నెల పోతున్నాను. మీకు అక్కడ తెలిసినవాళ్లుంటే ఫోన్ నంబర్ ఇప్పించండి. ఏడో భాగం అక్కడి నుంచి రాస్తాను.